పదిహేను నిమిషాల రికార్డింగు

శ్రీకాకుళంలో మా క్లినిక్కుకు ఈఈజీ, అంటే తలకు తీగలు అతికించి మెదడులోని విద్యుత్తును గీతలుగా నమోదు చేసే పరీక్ష, కోసం వచ్చేవాళ్లలో చాలామంది తలకు నూనె రాసుకొనే వస్తారు. ముందురోజు తలంటుకొని, నూనె లేకుండా, వీలైతే రాత్రి నిద్ర తగ్గించుకొని రమ్మని చీటీ మీద రాసి ఇచ్చినా సరే, డాక్టరు దగ్గరకు పిల్లవాణ్ని రేగిన జుట్టుతో తీసుకురావడానికి తల్లులకు మనసొప్పదు. గత నెలలో పలాస వైపు నుంచి బస్సులో వచ్చిన ఒక కుర్రవాడి జుట్టు మాత్రం పొడిగా, శుభ్రంగా ఉంది. వాళ్లమ్మకు ఈ పరీక్ష కొత్త కాదు. జీడిపిక్కలు కొట్టే పనిలో వేళ్లు నల్లబడిపోయిన ఆమెను నేను మొదటిసారి చూసింది నాలుగేళ్ల కిందట, పొరుగు రాష్ట్రంలో నేను అప్పట్లో టెక్నీషియన్‌గా పనిచేసిన పెద్ద ఆసుపత్రిలో. ఆ వార్డులో తెలుగు వచ్చినవాణ్ని నేనొక్కణ్నే కావడంతో తీగలు అతికించే పనితోపాటు మాటలు చేరవేసే పని కూడా నా మీదే పడింది.

ఆ కుర్రవాడి పుర్రె తెరిచి, మెదడు మీదే ఎలక్ట్రోడ్లు ఉంచి రికార్డు చేసిన రోజు గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. మూర్ఛకు ఆపరేషను కూడా ఉందన్న సంగతి మన జిల్లాలో చాలామందికి తెలియదు. తెలిసిన కొద్దిమందీ మెదడు మీద తీగలు పెట్టగానే జబ్బు ఎక్కడ పుడుతోందో యంత్రం వేలు పెట్టి చూపిస్తుందని అనుకుంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి జబ్బు ఏ వైపున, ఏ భాగంలో ఉందన్నది థియేటరులోకి వెళ్లేసరికే తేలిపోయి ఉండాలి. అక్కడ మిగిలేది ఎంతవరకు కోయాలి, ఎక్కడ ఆగాలి అన్న హద్దు ప్రశ్న ఒక్కటే.

ఈ కుర్రవాడి విషయంలో జబ్బు జాడ మొదట చెప్పింది వాళ్లమ్మ. అప్పటికి వాడికి పద్నాలుగేళ్లు. కార్బమజెపిన్, లెవెటిరాసెటమ్, క్లోబజామ్ అనే మూర్ఛ మందులు మూడూ వాడినా నెలకు నాలుగైదు సార్లు ఫిట్స్ వస్తూనే ఉన్నాయి. సరిగ్గా ఎంచుకొన్న రెండు మందులు తగిన మోతాదులో వాడినా మూర్ఛ అదుపులోకి రాకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛగా పరిగణించాలని అంతర్జాతీయ మూర్ఛ నివారణ సంఘం 2010లో నిర్వచించింది. మూర్ఛ ఉన్నవాళ్లలో ఇంచుమించు మూడోవంతు మంది ఈ కోవలోకి వస్తారు. వాళ్లు తెచ్చిన పాత కాగితాలన్నిటిలోనూ ‘ఫిట్స్, అయిదు నిమిషాలు’ అన్న మాట తప్ప మరేమీ లేదు. డాక్టరు గారు నా చేత అడిగించినప్పుడు ఆమె ఉద్దానం యాసలో ఇలా చెప్పింది: “కడుపులోంచి ఏటో పైకొస్తంది అమ్మా అంటాడు బాబూ. అంతే, ఆ మీద పిలిస్తే పలకడు. నోట్లో ఏటో ఉన్నట్టు సప్పరిస్తాడు. కుడిసేత్తో సొక్కా అంచు నలిపేస్తాడు. ఎడంసెయ్యి మాత్రం కొయ్యలాగ బిగిసిపోతాది.”

ఏ చెయ్యి బిగుసుకుంటుందో డాక్టరు గారు నా చేత రెండుసార్లు అడిగించారు. కడుపులోంచి ఏదో పైకి ఎగదన్నినట్టు అనిపించడం, ఆ వెంటనే చప్పరించడం కణత లోపల ఉండే మెదడు భాగమైన టెంపొరల్ లోబ్‌ను, అందులోనూ జ్ఞాపకాలతో ముడిపడిన హిప్పోకాంపస్ ఉన్న లోపలి అంచును సూచించే లక్షణాలు. మూర్ఛ పుట్టిన వైపుకు ఎదురు చెయ్యి బిగుసుకుంటుంది. అదే వైపు చెయ్యి బట్టలు నలుపుతూ ఉంటుంది. అంటే జబ్బు కుడి వైపున ఉందన్న మాట. ఆమె నాలుగు వాక్యాల్లో చెప్పినది తరువాత ఎంఆర్ఐలో కుంచించుకుపోయిన కుడి హిప్పోకాంపస్ రూపంలో కనిపించింది. మాత్రలు తగ్గించి నాలుగు రోజులపాటు కెమెరా ముందు ఉంచిన వీడియో ఈఈజీలోనూ వచ్చిన రెండు ఫిట్సూ కుడి వైపు నుంచే మొదలయ్యాయి. (ఆ రెండుసార్లూ ఆమె గంట నొక్కడం కంటే ముందు కొడుకు గుప్పిట్లో తాళంచెవి పెట్టింది. ఇటువంటి మూర్ఛ సాధారణంగా ఒకటి రెండు నిమిషాల్లో దానంతటదే ఆగిపోతుంది కాబట్టి ఆపిన పేరు తాళంచెవికి దక్కుతూ ఉంటుంది.)

హిప్పోకాంపస్ దెబ్బతిన్నట్టు ఇంత స్పష్టంగా కనిపించినప్పుడు థియేటరులో రికార్డింగు అవసరం లేదనుకొనే వైద్యులు చాలామంది ఉన్నారు. ఇక్కడ ఎందుకు పెట్టుకున్నారంటే, తల మీద తీసిన ఈఈజీలో ఫిట్స్ లేని సమయంలో కనిపించే మొనదేలిన గీతలు, మేము స్పైకులు అనేవి, అనుకున్నదానికంటే కొంత వెనకదాకా కనిపించాయి. ముందు భాగంతో సరిపెట్టాలా, ఇంకా వెనక్కి వెళ్లాలా అన్నది తేలలేదు.

తల మీద తీసిన ఈఈజీ ఈ ప్రశ్నకు ఎందుకు జవాబు చెప్పలేదో కాస్త వివరించాలి. మెదడులో పుట్టిన విద్యుత్తు ద్రవాన్ని, ఎముకను, చర్మాన్ని దాటి మా ఎలక్ట్రోడ్లను చేరేసరికి వోల్టులో పది లక్షల వంతును మైక్రోవోల్టు అంటే అటువంటివి కొన్ని పదులు మాత్రమే మిగులుతాయి. పైగా పుర్రె ఆ సంకేతాన్ని అలికేస్తుంది. మెదడు ఉపరితలం మీద 6 నుంచి 10 చదరపు సెంటీమీటర్ల మేర నాడీకణాలు ఒక్కసారిగా స్పందిస్తే తప్ప ఒక స్పైకు బయట స్పష్టంగా కనిపించదు. గోడ అవతల పెళ్లివారింట్లో మాటలు వినడం లాంటిది ఇది. సందడి తెలుస్తుంది, ఎవరు ముందు అందుకున్నారో తెలియదు.

గోడ తీసేసి విందామన్న ఆలోచన పాతదే. జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్ మనిషి తల మీది నుంచి మెదడు విద్యుత్తును నమోదు చేసి 1929లో ప్రచురించాడు. తరువాత ఆరేళ్లకే అప్పటి జర్మనీలోని బ్రెస్లౌలో ఫోర్స్టర్, ఆల్టెన్‌బర్గర్ అనే వైద్యులు ఆపరేషను సమయంలో మెదడు మీదే ఎలక్ట్రోడ్లు ఉంచి రికార్డు చేశారు. దాన్ని పద్ధతిగా నిలబెట్టినవారు కెనడాలోని మాంట్రియల్‌లో సర్జన్ పెన్‌ఫీల్డ్, ఈఈజీ నిపుణుడు జాస్పర్. పెన్‌ఫీల్డ్ తాను పరీక్షించిన ప్రతి బిందువు మీదా అంకె రాసిన చిన్న కాగితం ముక్క ఉంచి ఫొటో తీయించేవాడు. జాస్పర్ 1958లో ప్రకటించిన కొలతల ప్రకారమే నేను ఈ రోజుకూ శ్రీకాకుళంలో టేపు పట్టుకొని తీగలు అతికించాల్సిన చోట్లను పిల్లల తలల మీద 10 శాతం, 20 శాతం దూరాల్లో గుర్తుపెడుతున్నాను. ఆ పెన్‌ఫీల్డ్ దగ్గరే నేర్చుకొని వచ్చిన జేకబ్ చాండీ 1949లో వెల్లూరులో న్యూరోసర్జరీ విభాగం ప్రారంభించి, 1952లో మూర్ఛకు ఆపరేషను చేశారు. మన వాళ్లు సంచులు సర్దుకొని కాట్పాడిలో దిగి వెళ్లే వెల్లూరే అది.

ఆ రోజు ఉదయం పుర్రె తెరవడం పూర్తయ్యేదాకా నాకు పని లేదు. తరువాత సర్జన్ గారు ఉప్పునీటిలో తడిపిన ఎలక్ట్రోడ్ పలకను మెదడు మీద పరిచారు. పారదర్శకమైన సిలికోన్ పొరలో సెంటీమీటరుకు ఒకటి చొప్పున అమర్చిన ప్లాటినం బిళ్లలు, అడ్డంగా అయిదు, నిలువునా నాలుగు, మొత్తం ఇరవై. నాలుగు బిళ్లలున్న సన్నటి పట్టీని లోబ్ అడుగుకు జారవిడిచారు. నేను తెర మీద చూసిన మొదటి దృశ్యం మెదడుది కాదు, 50 హెర్ట్జ్ కరెంటు హోరుది. రక్తం ఆపే కాటరీ యంత్రం, బల్లను పైకి కిందికి కదిలించే మోటారు ఒక్కొక్కటీ ప్లగ్గు తీయించాక గీతలు తేటపడ్డాయి. తల మీద రికార్డు చేసేటప్పుడు పెట్టుకొనే సెన్సిటివిటీ, అంటే గీత ఒక మిల్లీమీటరు ఎత్తుకు 7 మైక్రోవోల్టులు అన్న లెక్క, ఇక్కడ పనికిరాదు. సంకేతం ఎంత బలంగా ఉంటుందంటే, గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కి తెరంతా దుబ్బులా కనిపిస్తుంది. దాన్ని 50కి మార్చాను.

ఇక మత్తు. రోగికి నొప్పి తెలియకూడదు, మెదడు మాత్రం మరీ మొద్దుబారకూడదు. అంతకు ముందు ఏడాది ఇంకొక రోగికి ఆందోళన తగ్గడానికని ఉదయాన్నే ఎవరో మిడజోలామ్ ఇచ్చారు. అది ఫిట్స్‌ను ఆపే మందుల కుటుంబానిదే కనుక ఆ రోజు ఒక్క స్పైకు కూడా దొరకలేదు. సన్నటి వేగమైన అలలు తప్ప మరేమీ రాలేదు. ఆ తప్పు నాకు గుర్తుండిపోయి, ఈ కుర్రవాడికి ముందురోజు సాయంత్రమే మత్తు డాక్టరు గారికి గుర్తుచేశాను. ఆయన మత్తు వాయువు తగ్గించాక పది నిమిషాలు అందరం ఊరకే నిలబడ్డాం.

మొదటి స్పైకు అడుగు పట్టీలో, హిప్పోకాంపస్‌కు దగ్గరగా ఉన్న 1, 2 బిళ్లల్లో వచ్చింది. తరువాత పలక ముందు భాగంలోని రెండు వరుసల్లో వచ్చాయి. మూడో వరుసలోనూ వచ్చాయి కాని, చిన్నగా, ప్రతిసారీ ముందువాటి కంటే 20, 30 మిల్లీసెకన్లు ఆలస్యంగా వచ్చాయి. వెనక రెండు వరుసలూ మౌనంగా ఉన్నాయి. తల మీద వెనకదాకా కనిపించినది పాకిన సంకేతమే తప్ప అక్కడ పుట్టినది కాదని ఆ ఆలస్యం చెప్పింది. నేను అంకెలు చదువుతుంటే సర్జన్ గారు కాగితం ముక్కలు పెడుతూ వెళ్లి రెండో వరుసకూ మూడో వరుసకూ మధ్య ఆగారు. మొత్తం రికార్డింగు పదిహేను నిమిషాలు. ఆ పదిహేను నిమిషాల్లో కుర్రవాడికి ఫిట్స్ రాలేదు, రావాలని ఎవరూ చూడలేదు కూడా. అందుకే స్పైకులు కనిపించిన చోటల్లా జబ్బు పుట్టిన చోటు అనుకోకూడదని అంటాను. తల్లి మాట, ఎంఆర్ఐ, వీడియో చెప్పినదాని పక్కన పెట్టి చదివితేనే వాటికి అర్థం.

కోసి తీశాక మళ్లీ పట్టీ పెట్టాం. కోత అంచున కొత్తగా కొన్ని స్పైకులు వచ్చాయి. గాయపడిన మెదడు అలా స్పందించడం మామూలే. వాటిని తరుముతూ పోతే కోతకు అంతుండదు. హిప్పోకాంపస్ మిగిలి ఉండి అందులో స్పైకులు కనిపిస్తే అది వేరే సంగతి. సర్జన్ గారు కొంచెంసేపు తెర వైపు చూసి, మూసేద్దాం అన్నారు.

అందరికీ ఫలితం ఒకేలా ఉండదు. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు మందులకు లొంగని మూర్ఛ ఉన్న 116 మంది పిల్లల మీద చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఆపరేషను జరిగినవాళ్లలో 77 శాతం మందికి, మందులతోనే ఉన్నవాళ్లలో 7 శాతం మందికి ఏడాది తరువాత ఫిట్స్ లేవు. ఈ కుర్రవాడికి ఆపరేషనైన వారంలో ఒకసారి వచ్చింది, తరువాత రాలేదు. మూడు మాత్రల్లో ఇప్పుడు ఒకటే మిగిలింది. దాన్ని తగ్గించే ముందు ఒకసారి ఈఈజీ చూడాలని డాక్టరు గారు పంపారు.

ఆ రికార్డింగులో కుడి వైపు గీతలు ఎడమ వైపు కంటే ఎత్తుగా, మొనదేలి ఉన్నాయి. పక్కనే నిలబడి చూస్తున్న మా కొత్త టెక్నీషియన్ అమ్మాయి “సార్, స్పైకులు మళ్లీ వచ్చాయి” అని కంగారుపడింది. తల్లి ఆ మాట విని నా ముఖంలోకి చూసింది. అవి స్పైకులు కావనీ, ఆపరేషను కోసం ఎముక తెరిచిన చోట పుర్రె అడ్డు తగ్గి మామూలు అలలే పెద్దగా కనిపిస్తున్నాయనీ ముందు ఆమెకు తెలుగులో చెప్పాను. తరువాత ఆ అమ్మాయి చేత రిపోర్టులో అదే రాయించాను.