దుర్గమ్మ పడవ, పైలట్ నిచ్చెన, కెప్టెన్ రాధికా మేనన్

ఇచ్ఛాపురం దాటితే బరంపురం, బరంపురం పక్కనే గోపాల్‌పూర్. నైరుతి గాలి పట్టిన రోజుల్లో మన శ్రీకాకుళం తీరంలో ఇంజిను ఆగిన పడవ కొట్టుకుపోయేది అటే. 2015 జూన్ 22న 'దుర్గమ్మ' అనే వేట పడవ గోపాల్‌పూర్‌కి ఎదురుగా సముద్రంలో తేలుతోంది. ఇంజిను చెడింది, లంగరు పోయింది. తిండీ నీళ్లూ అలలు ఊడ్చుకుపోతే, చేపల కోసం తెచ్చుకున్న ఐసుతో ఏడుగురు ప్రాణం నిలబెట్టుకున్నారు. అందరిలో చిన్నవాడికి 15 ఏళ్లు, పెద్దాయనకు 50. ఇళ్ల దగ్గర ఆశ వదులుకుని కర్మకాండకు సిద్ధమవుతున్నారు. వాళ్లను పైకి లాగింది ప్రభుత్వ రంగ షిప్పింగ్ కార్పొరేషన్ వారి ఆయిల్ ట్యాంకరు 'సంపూర్ణ స్వరాజ్య'. దాని కెప్టెన్ రాధికా మేనన్, భారత వాణిజ్య నౌకల్లో కెప్టెన్ అయిన మొదటి మహిళ.

'మొదటి మహిళ' అన్న దగ్గరే అందరూ ఆగిపోతారు. ఆ రోజు ఓడ మీద ఏం చెయ్యాల్సొచ్చిందో చూస్తే ఆ ఉద్యోగం ఏంటో తెలుస్తుంది.

పడవను ముందు చూసింది సెకండ్ ఆఫీసరు, రెండున్నర కిలోమీటర్ల దూరంలో. పన్నెండు నాట్ల (గంటకు 22 కిలోమీటర్ల) వేగంతో పోయే ఓడకు అది ఏడు నిమిషాల దూరం కూడా కాదు. గాలి 60 నాట్ల పైన, అంటే గంటకు 110 కిలోమీటర్లు. అలలు 25 అడుగుల పైన. అంత అలల్లో రాడార్ తెర నిండా అలల చుక్కలే ఉంటాయి. చెక్క గానీ ఫైబర్ గానీ రాడార్ తరంగాన్ని సరిగా తిప్పి కొట్టదు కాబట్టి చిన్న పడవ ఆ చుక్కల్లో కలిసిపోతుంది. అందుకే ఎన్ని యంత్రాలున్నా బ్రిడ్జి మీద, అంటే ఓడను నడిపే గదిలో, కళ్లతో చూసే మనిషి ఉండాలని నియమం.

చూడడం ఒక ఎత్తు, దగ్గరకు పోవడం ఇంకో ఎత్తు. ట్యాంకరుకు లారీలా బ్రేకు ఉండదు. ఇంజిను ఆపినా చాలా దూరం సాగిపోతుంది, వేగం బాగా తగ్గితే చుక్కాని మాట వినదు. పడవకేమో ఇంజినే లేదు, తనంతట తాను రాలేదు. ఇలాంటప్పుడు చేసేది, ఓడను గాలికి అడ్డంగా తిప్పి పడవకు గాలి మరుగు కల్పించడం. గాలి తగలని పక్కన అలల ఉద్ధృతి కొంచెం తగ్గుతుంది. చిక్కేమిటంటే, అడ్డం తిరిగిన ఓడ తాను కూడా గాలికి పక్కకు జరుగుతూ పడవ మీదికే వస్తుంది. ఎక్కువ జరిగితే పడవ ఇనప గోడకు కొట్టుకుని పగులుతుంది. వెనక్కి జారితే ప్రొపెల్లరు వైపు పోతుంది. తక్కువ జరిగితే తాడు అందదు. రాకెట్టుతో తాడు విసిరే పరికరం ప్రతి ఓడలోనూ ఉంటుంది, ప్రశాంత వాతావరణంలో కనీసం 230 మీటర్లు పోతుంది. కానీ నూనె ఆవిర్లుండే ట్యాంకరు మీద నిప్పు రాజేయడానికి ముందు పదిసార్లు ఆలోచించాలి.

ఇక నిచ్చెన. మేనన్ వాడింది పైలట్ నిచ్చెన, పక్కన లైఫ్ జాకెట్లు, నీళ్లలో తేలే బోయాలు సిద్ధం చేయించారు. రేవు దగ్గర ఓడకు దారి చూపడానికి వచ్చే పైలట్ ఎక్కే తాళ్ల నిచ్చెన అది. మెట్టుకీ మెట్టుకీ మధ్య 31 నుంచి 35 సెంటీమీటర్లు. కింది నాలుగు మెట్లు రబ్బరువి. నిచ్చెన మెలి తిరగకుండా కింది నుంచి అయిదో మెట్టు పొడుగ్గా, 1.8 మీటర్లు ఉంటుంది, ఆపైన ఎనిమిది మెట్లకు మించకుండా అలాంటిదే ఇంకోటి. తొమ్మిది మీటర్లకు మించిన ఎత్తుకు దాన్నొక్కదాన్నే వాడకూడదు. ఇదంతా ఆరోగ్యంగా ఉన్న పైలట్ కోసం పెట్టిన కొలత. రోజుల తరబడి తిండి లేని మనిషి తడి చేతులతో ఎక్కాలంటే సంగతి వేరు.

మనవాళ్లకు తెలిసిన కిటుకు ఇక్కడే ఉంది. పడవ అల నెత్తికెక్కిన క్షణంలోనే నిచ్చెన పట్టుకుని వెంటనే రెండు మూడు మెట్లు పైకి పోవాలి. పడవ కిందికి దిగాక పట్టుకుంటే, మరుసటి అలకు పైకి లేచిన పడవ కాళ్లను ఓడకేసి నొక్కేస్తుంది. దుర్గమ్మ దగ్గర మూడోసారి ప్రయత్నిస్తే గానీ ఏడుగురూ పైకి రాలేదు. ఒకసారి తప్పితే ఓడను మళ్లీ చుట్టు తిప్పుకుని రావాలి. ఇంకోసారి వెళ్లాలా వద్దా అన్న నిర్ణయం కెప్టెన్‌దే. తన సిబ్బంది ప్రాణాలకు పూచీ కూడా ఆమెదే. అంతర్జాతీయ సముద్ర సంస్థ ఇచ్చే సాహస పురస్కారం 2016లో ఆమెకు వచ్చింది. దాన్ని అందుకున్న మొదటి మహిళ కూడా ఆవిడే.

ఈ నిర్ణయం తీసుకునే చోటికి ఆమె వచ్చిన దారి మాత్రం తిన్నని దారి కాదు. ఊరు కేరళలోని కొడుంగల్లూర్. 1991లో షిప్పింగ్ కార్పొరేషన్‌లో రేడియో ఆఫీసరుగా చేరారు. ఆ రోజుల్లో రేడియో గది గోడ గడియారం మీద ఎర్ర ముక్కలు గీసి ఉండేవి: గంటకు 15 నుంచి 18 నిమిషాల దాకా, మళ్లీ 45 నుంచి 48 దాకా. ఆ మూడేసి నిమిషాలు 500 కిలోహెర్ట్జ్ మీద ఎవరూ మోర్స్ సంకేతాలు కొట్టకూడదు, ఆపదలో ఉన్నవాడి పిలుపు కోసం చెవి పెట్టి వినాలి. 1999 ఫిబ్రవరి 1 నుంచి జీఎండీఎస్ఎస్ అనే ఉపగ్రహ, డిజిటల్ పద్ధతి పూర్తిగా అమల్లోకి వచ్చింది. మీట నొక్కితే ఆపద కబురు వెళ్లిపోతుంది. రేడియో ఆఫీసరు అనే కొలువే అక్కర్లేకుండా పోయింది.

నన్నడిగితే ఆమె వృత్తిలో గట్టి మలుపు ఇదే. రేడియో వదిలి డెక్కు వైపు, అంటే ఓడ నడిపే పనికి, రావాలంటే చార్టులు, చుక్కాని, సరుకు, ఓడల రాకపోకల నియమాలు కొత్తగా నేర్చుకుని సెకండ్ మేట్ పరీక్ష నుంచి మొదలుపెట్టాలి. తర్వాత చీఫ్ మేట్, ఆపైన మాస్టర్ (కెప్టెన్ అర్హత), మధ్యలో ప్రతి మెట్టుకూ నెలల కొద్దీ సముద్రంలో డ్యూటీ. ఆమెకు మాస్టర్ సర్టిఫికెట్ 2010లో వచ్చింది. ఒకటి రెండేళ్లలోనే ఓడ చేతికిచ్చారు. రేడియో గది నుంచి కెప్టెన్ కుర్చీకి సుమారు ఇరవై ఏళ్లు.

పడవల వాళ్లకు ఒక మాట. వేట నిషేధం జూన్ 14తో తీరుతుంది, అందరూ ఒకేసారి దిగేది సరిగ్గా నైరుతి పుంజుకునే వారంలోనే. రెండు నెలలు ఒడ్డున పడున్న ఇంజినులో డీజిలు పైపు, ఫిల్టరు, బ్యాటరీ చూడకుండా వెళ్లొద్దు. లంగరు పోతే పడవ అలకు అడ్డం తిరుగుతుంది, బోర్లా పడేది అప్పుడే. పాత వలను గోనెలతో కలిపి మూటకట్టి ముందు కొమ్ము నుంచి తాడుతో నీళ్లలోకి వదిలితే ముక్కు గాలికి నిలుస్తుంది. వీహెచ్ఎఫ్ రేడియో ఉంటే ఆపదలో పిలవాల్సింది 16వ ఛానెల్‌లో. ఫోను సిగ్నలుంటే కోస్ట్ గార్డు నంబరు 1554.

ఇంటర్ ఎంపీసీ చదువుతున్న ఆడపిల్లలున్న ఇళ్లలో అడిగేది దారి ఎటని. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ (ఐఎంయూ) ప్రవేశ పరీక్ష, ఐఎంయూ సెట్ రాయాలి. నాటికల్ సైన్స్ (ఓడ నడిపే చదువు) డిప్లొమా అయితే ఏడాది చదువు, 18 నెలలు ఓడ మీద కేడెట్‌గా శిక్షణ. బీఎస్సీ అయితే మూడేళ్ల చదువు, 12 నెలల కేడెట్. మన పక్కనున్న ఐఎంయూ విశాఖ క్యాంపస్ పేరు చూసి అక్కడే కెప్టెన్ చదువు ఉంటుందనుకుంటారు, దాని పేరు నౌకా నిర్మాణానికి. సర్టిఫికెట్ కన్నా కేడెట్‌గా తీసుకునే కంపెనీ దొరకడమే కష్టం, కాబట్టి కంపెనీ స్పాన్సర్‌షిప్ చూసుకున్నాకే ఫీజు కట్టండి. ఉద్దానం ఊళ్లలో ఏజెంటుకు లక్షలు పోసిన సంగతులు అందరికీ తెలుసు. ఓడలో ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర డబ్బు తీసుకోవడం నియమాలకే విరుద్ధం. నావికుల్ని ఓడలకు పంపే ఏజెంటుకు ఉండాల్సిన ఆర్‌పీఎస్ఎల్ లైసెన్సు ఉందో లేదో, నౌకాయానాన్ని చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం డీజీ షిప్పింగ్ వెబ్‌సైటులో రెండు నిమిషాల్లో చూడొచ్చు.

వీటన్నిటికన్నా ముందు కళ్లు చూపించండి, డీజీ షిప్పింగ్ గుర్తించిన డాక్టరు దగ్గరే. రాత్రి ఎదురొచ్చే ఓడ ఎటు తిరిగి ఉందో తెలిసేది దాని ఎడమ పక్క ఎర్ర దీపం, కుడి పక్క ఆకుపచ్చ దీపం బట్టే. రంగుల తేడా తెలియకపోతే డెక్కు దారి అక్కడితో మూసుకుంటుంది. ఫీజు కట్టి, బట్టలు కుట్టించుకున్నాక ఆ సంగతి బయటపడిన పిల్లలున్నారు.