తొలి బస్సు 6:50కి

మంగళవారం, రాత్రి

వచ్చే సోమవారం నర్సింగ్ సెకండియర్ వాళ్లకి ప్లేస్‌మెంట్లు, అంటే వార్డుల్లో పని నేర్చుకునే ప్రాక్టీసు, మొదలు. యూనివర్సిటీలో ఆ చోట్లు కుదిర్చే మా ఆఫీసుకి ఇంతకంటే టెన్షన్ పెట్టే వారం ఉండదు. పొద్దున మొదటి ఫోనే ఒక వార్డు నుంచి. స్టాఫ్ చాలడం లేదు, నలుగురు వద్దు, ఇద్దర్నే పంపండి అన్నారు.

మిగిలిన ఇద్దరిలో ఒకమ్మాయికి ఇంకో ఆస్పత్రిలో చోటు దొరికింది. రెండో ఆమెకి ఆరేళ్ల కూతురు ఉంది, కారు లేదు. ఖాళీ ఉన్న వార్డులో షిఫ్టు ఉదయం 7:30కి. బస్సు టైములు తీసి చూశాను. వాళ్ల ఊరి నుంచి తొలి బస్సు 6:50కి, మధ్యలో ఒకటి మారాలి, ఎంత లేదన్నా 8:10 అవుతుంది. అంత పొద్దున్నే పాపని ఎవరు చూస్తారన్నది ఇంకో సమస్య. మా పిన్ని గుంటూరులో నర్సింగ్ చదివేటప్పుడు హాస్టల్ నుంచి ఆస్పత్రికి నడిచి వెళ్లేది. ఇక్కడ ఇంగ్లండ్‌లో కాలేజీ ఒక ఊళ్లో, వార్డు ఇంకో ఊళ్లో. చదువు పూర్తయ్యేలోపు 2,300 గంటల ప్రాక్టీసు ఉంటేనే నర్సుగా రిజిస్టర్ చేస్తారు. బస్సు దొరక్క ఆ గంటలు తగ్గాయంటే నాకు మింగుడుపడదు.

పాప బడి పక్క వీధిలో ఒక జీపీ క్లినిక్, అంటే ఫ్యామిలీ డాక్టర్ల క్లినిక్, ఉంది. విద్యార్థుల్ని పంపడానికి పనికొస్తుందని చేసిన ఆడిట్ గడువు, మా ఫైల్లో చూస్తే, ఇంకా దాటలేదు. ఫోన్ చేసి ముందుగా అడిగింది, నర్సులు ఎంతమంది అని. ఇద్దరున్నారట, ప్రాణం లేచొచ్చింది. రోజూ దగ్గరుండి పని నేర్పే సూపర్‌వైజరే అదే విద్యార్థికి అసెసర్‌గా, అంటే పని వచ్చిందో లేదో తేల్చే మనిషిగా, ఉండకూడదు మరి. మేనేజరు కనుక్కుని చెప్తానన్నారు.

ఈలోపు థర్డియర్ అబ్బాయి గంటల షీటు వచ్చింది. ఫోన్‌తో తీసిన ఫొటో, మూలన అతని బొటనవేలు కూడా పడింది. మూడు నైట్ షిఫ్టులు, 34.5 గంటలు, పక్కన సంతకం గళ్లు మూడూ ఖాళీ. సంతకం పెట్టాల్సిన నర్సు వేరే ఆస్పత్రికి మారిపోయింది. ఆ గళ్లు నిండేదాకా మూడు రాత్రులు మేలుకుని చేసిన పని లెక్కలోకి రాదు. రోస్టరు చూసి నిర్ధారించమని వార్డు మేనేజరుకి రాశాను. అబ్బాయికి కూడా ఫోన్ చేసి ధైర్యం చెప్పాను. ఒట్టి మెయిల్ పంపి ఊరుకుంటే ఈ రాత్రి కూడా అతనికి నిద్ర ఉండదు.

4:40కి క్లినిక్ వాళ్లు సరేనన్నారు. వెంటనే పాప వాళ్లమ్మకి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు అవతల నుంచి మాట లేదు. తర్వాత మెల్లగా అడిగింది, "యూనిఫాంలోనే పాపని బడిలో దింపొచ్చా?"

యూనిఫాంతో బయట తిరగకూడదని మా రూలు. క్లినిక్‌లో బట్టలు మార్చుకోవడానికి గది ఉందో లేదో రేపు పొద్దున్నే కనుక్కోవాలి.