కాలవ గట్టున నాటిన చెట్టు

మొన్న ఆదివారం ఆరాధన నుంచి రాగానే మా పాప ఇంగ్లీషు పుస్తకం ముందేసుకుంది. తెల్లారితే ఫిగర్స్ ఆఫ్ స్పీచ్ మీద పరీక్ష. లైక్, యాజ్ ఉంటే సిమిలీ, లేకపోతే మెటాఫర్ అని వల్లె వేస్తూ ఆగి, "డాడీ, పొద్దున బైబిల్లో చదివిన మొదటి కీర్తనలో 'చెట్టువలె' అని ఉంది కదా, అది సిమిలీయేనా?" అంది.

అవునన్నాను. అక్కడితో వదలబుద్ధి కాలేదు.

"అతడు నీటికాలువల యోరను నాటబడినదై ఆకు వాడక తన కాలమందు ఫలమిచ్చు చెట్టువలె నుండును." మన వ్యాకరణం ప్రకారం అతడు, అంటే నీతిమంతుడు, ఉపమేయం, చెట్టు ఉపమానం, వలె ఉపమావాచకం. ఆకు వాడకపోవడం, తన కాలానికి కాయడం సమానధర్మం. నాలుగూ ఉన్నాయి గనుక పూర్ణోపమ. పరీక్షలో 'లైక్' కనిపెడితే మార్కు పడిపోతుంది. వాక్యం చదివేటప్పుడు మాత్రం నేను ఆ నాలుగోదాని దగ్గరే ఆగిపోతాను. దేనిలో పోలిక? చెట్టు ఎత్తులో కాదు, నీడలో కాదు. "యెహోవా నా కాపరి" రూపకం, కంటిలో దూలం అతిశయోక్తి. పేర్లు పెట్టడం తేలికే.

హీబ్రూలో ఇక్కడున్న మాటకు పాయలుగా విడిపోయిన నీళ్లని అర్థం. పొలానికి మళ్లించుకున్న కాలవలకూ అది సరిపోతుంది. బెజవాడ వాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర మళ్లిన కృష్ణ నీళ్లు ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ అయి ఊళ్లోంచే పోతాయి. వేసవిలో కాలవలు కట్టేస్తే అడుగున బురద నెర్రెలిస్తుంది. గట్టు మీద చెట్టు మాత్రం పచ్చగానే ఉంటుంది. పైకి నీళ్లు కనపడవు, వేరుకి తడి అందుతూనే ఉంటుంది. అది చూసినప్పుడల్లా, చెట్టు మాటకి ముందు దేవుని ధర్మశాస్త్రం గురించి ఉన్న "దివారాత్రము దానిని ధ్యానించువాడు" నాకు గుర్తొస్తుంది.

ఆ తర్వాత దుష్టులకి ఇచ్చిన పోలిక, "గాలి చెదరగొట్టు పొట్టు". చిన్నప్పుడు గుంటూరు దగ్గర అమ్మమ్మ వాళ్ల ఊళ్లో, కళ్లంలో వడ్లు తూర్పారబట్టడం చూశాను. చేటలోంచి జారిన గింజ కాళ్ల దగ్గరే కుప్ప పడేది. పొట్టు ఎగిరొచ్చి మెడకి అంటుకుని దురద పెట్టేది, ఇంకో గాలి వస్తే అదీ పోయేది. చెట్టుకి అన్ని మాటలిచ్చిన కీర్తనకారుడు పొట్టుకి రెండు ముక్కలతో సరిపెట్టాడు. దాని గురించి చెప్పడానికి అంతకన్నా లేదు కూడా.

ఇక "నాటబడినదై". చెట్టు తనంతట తాను గట్టుకి నడిచి రాలేదు.

"మరి ఎవరు నాటారు డాడీ?"

నాటింది దేవుడే అన్నాను. నా విషయంలో ఆయన వాడుకున్న చేతులు మా అమ్మవి. అక్షరం రాని మనిషి, ఈ కీర్తన మొత్తం విని కంఠతా పట్టి, రోజూ అన్నం కలిపి పెడుతూ ఒక్కో ముద్దకి ఒక్కో మాట చొప్పున నాతో చెప్పించింది. పాప పుస్తకం మూసి నాన్నమ్మ దగ్గరికి వెళ్లింది.