ఆమె ఫైలులో ఏం రాయాలి?

"ఈ అమ్మాయి ఏ నిర్ణయమూ సొంతంగా తీసుకోలేకపోతోంది. ప్రతిదానికీ తల్లికి ఫోను చేస్తోంది. మీరు దాన్ని ప్రశ్నించకపోగా వెనకేసుకొస్తున్నారు. మనం ఇక్కడ చేసేది స్త్రీవాద చికిత్స కదా?" అని నా క్లయింటు ఒకామె గురించి మా సూపర్‌వైజర్ నిలదీశారు. "ఆధారపడే వ్యక్తిత్వం" అనే మానసిక రుగ్మత లక్షణాలు ఉన్నాయేమో చూసి ఫైలులో రాయమని కూడా అన్నారు.

నేను అమెరికాలో ఒక కౌన్సెలింగ్ కేంద్రంలో పనిచేస్తున్నాను. లైసెన్సుకు కావలసిన గంటలన్నీ ఆవిడ పర్యవేక్షణలోనే పూర్తి కావాలి, ఆవిడ సంతకం పెట్టాలి. అందుకే ఆ క్షణంలో నోరు మెదపలేదు. కానీ ఆ మాట చాలా రోజులు నన్ను వదల్లేదు. బస్సులో, వంటింట్లో, నిద్రపట్టని రాత్రుళ్ళలో ఆవిడకు జవాబు చెబుతూనే ఉన్నాను. ఆ జవాబులో కొంత ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ అమ్మాయి సంగతి. గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాను, ఇద్దరు ముగ్గురి బతుకులు ఇందులో కలిశాయి. ఇంజనీరింగ్ చదివి, మన దేశంలో ఉద్యోగం చేసి, పెళ్ళయ్యాక హెచ్ 4 వీసా మీద వచ్చింది. భర్తది హెచ్ 1బి ఉద్యోగ వీసా. ఆ వీసా ఉన్నవారి భార్యకో భర్తకో ఇచ్చేదే హెచ్ 4. కొట్టడు, తిట్టడు. కానీ కిరాణా రసీదులో ప్రతి డాలరూ చూస్తాడు. ఆమెకు నిద్ర లేదు. పగలంతా ఏడుపు వస్తుంది. ఎందుకూ పనికిరాని దాన్నయిపోయాను అంటుంది. ఎమ్మెస్ చదవాలని ఉంది, ఫీజు భర్తను అడగాలో నాన్నను అడగాలో తెలియడం లేదు. "అమ్మతో మాట్లాడి చెబుతానండీ" అన్న మాట ప్రతి వారమూ వస్తుంది. మా సూపర్‌వైజర్‌ను కలవరపెట్టింది ఆ మాటే.

నాకు కష్టం కలిగించింది ఇదొక్కటే: స్త్రీవాద చికిత్స పుట్టిందే ఇలాంటి ముద్రలను ఎదిరించి. 1960ల చివర అమెరికాలో ఆడవాళ్ళు చిన్న చిన్న బృందాలుగా కూర్చుని తమ ఇళ్ళ సంగతులు చెప్పుకున్నారు. నా ఒక్కదాని జబ్బు అనుకున్నది పక్కావిడకూ ఉందని తెలిసింది. స్త్రీవాద కార్యకర్త కెరోల్ హానిష్ 1969లో రాసిన వ్యాసంతో "వ్యక్తిగతమే రాజకీయం" అన్న మాట అందరి నోటా పడింది. మనిషి బాధకు మూలం మనసులోనే వెతకకు, ఆ మనిషి నిలబడ్డ చోటు కూడా చూడు అన్నది ఈ చికిత్సకు మొదటి సూత్రం అయింది.

1970లో ఇంగే బ్రోవర్‌మన్ బృందం ప్రచురించిన పరిశోధన ఒకటి ఉంది. ఈ రంగంలో చదువుకునే చాలామంది దాన్ని చదువుతారు. సైకియాట్రిస్టులు, సైకాలజిస్టులు, సోషల్ వర్కర్లు కలిపి 79 మందిని అడిగారు. కొందరిని ఆరోగ్యంగా ఉన్న మగవాడు ఎలా ఉంటాడో చెప్పమన్నారు, కొందరిని ఆరోగ్యంగా ఉన్న స్త్రీ గురించి, మిగతావారిని ఆడా మగా అనకుండా ఆరోగ్యంగా ఉన్న మనిషి గురించి. మగవాడి వర్ణనా మనిషి వర్ణనా దాదాపు ఒకటిగా వచ్చాయి. స్త్రీ మాత్రం వేరే. లొంగి ఉంటుంది, స్వతంత్రత తక్కువ, చిన్న విషయానికే కలత పడుతుంది, తేలిగ్గా నొచ్చుకుంటుంది. ఆ 79 మందిలో 33 మంది మహిళలు, వారి జవాబులూ ఇలాగే ఉన్నాయి. అంటే స్త్రీ తగినట్టు ఉంటే ఆరోగ్యవంతమైన మనిషి కాదు, ఆరోగ్యవంతమైన మనిషిలా ఉంటే తగిన స్త్రీ కాదు. అదే ఏడాది అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ మహాసభలో సైకాలజిస్టు ఫిలిస్ చెస్లర్ నిలబడి, మానసిక వైద్యం స్త్రీలకు చేసిన హానికి పరిహారంగా పది లక్షల డాలర్లు ఇవ్వమని అడిగింది.

1983లో సైకాలజిస్టు మార్సీ కాప్లన్ అడిగిన ప్రశ్న నాకు ఇంకా ఇష్టం. అమెరికా మానసిక వైద్యులు వాడే జబ్బుల జాబితాలో "ఆధారపడే వ్యక్తిత్వం" అని పెట్టారు, సరే. వంటకూ, ఇంటికీ, పిల్లల పెంపకానికీ పూర్తిగా ఇంకొకరి మీద ఆధారపడే మగవాడికి ఏ జబ్బు పేరూ ఎందుకు లేదు? ఇప్పటికీ దానికి ఎవరూ సరైన సమాధానం చెప్పలేదని నా అభిప్రాయం. దెబ్బలు తింటూ భరించే స్త్రీకి "తనను తానే ఓడించుకునే వ్యక్తిత్వం" అని పేరు పెట్టబోతే స్త్రీవాద చికిత్సకులు గట్టిగా అడ్డుపడ్డారు. అది ఆ జాబితా 1987 సంచికలో అనుబంధానికి పరిమితమై, 1994 నాటికి పోయింది. ఇంత పోరాడిన వాళ్ళ వారసురాలు నా క్లయింటు ఫైలులో ఆధారపడే లక్షణాలు రాయమంటే నాకు ఎలా ఉంటుంది!

ఈ చికిత్సలో అధికార విశ్లేషణ అని ఒక పద్ధతి ఉంది. పెద్ద మాటలా ఉంటుంది కానీ చేయడం తేలిక. ఒక తెల్ల కాగితం ఇచ్చి, మధ్యలో మీ పేరు రాసుకోండి, మీ బతుకుకు కావలసినవన్నీ చుట్టూ రాయండి, ఒక్కొక్కటి ఎవరి చేతిలో ఉందో గీత గీసి చూపండి అన్నాను. ఆమె మొదట వీసా అని రాసింది. గీత భర్త దగ్గరికి వెళ్ళింది. ఆయన ఉద్యోగం పోతే ఆమె హోదా పోతుంది, విడాకులైనా పోతుంది. తరువాత ఉద్యోగం. హెచ్ 4 మీద చదువుకోవచ్చు కానీ పని చేయకూడదు. 2015 నుంచి కొందరికి పని అనుమతి ఇస్తున్నారు, అదీ భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటాకే. ఆ గీత కూడా అటే వెళ్ళింది. పని అనుమతి లేదు కాబట్టి సోషల్ సెక్యూరిటీ నంబరు లేదు. నంబరు లేదు కాబట్టి ఆమె పేరిట అప్పు చరిత్ర లేదు. డ్రైవింగ్ లైసెన్సు గడువు వీసా గడువుతో ముడిపడి ఉంది. ఇంటి అద్దె ఒప్పందం, బ్యాంకు, కారు, ఫోను బిల్లు అన్నీ అటే. పెన్ను అటే వెళ్ళి వెళ్ళి భర్త పేరు చుట్టూ కాగితం నల్లబడింది.

చివర్లో ఆమె "అమ్మ" అని రాసి, తన పేరు నుంచి నేరుగా ఒక గీత గీసింది. ఆ కాగితం మొత్తం మీద భర్త మీదుగా వెళ్ళని గీత అదొక్కటే.

మా సూపర్‌వైజర్ తెంచమన్నది సరిగ్గా దాన్నే. పరాయి దేశంలో, చట్టమే ఒక మనిషిని మరొక మనిషికి కట్టేసిన చోట, ఆమెకంటూ మిగిలిన ఒకే ఒక ఆసరాను జబ్బు లక్షణంగా చూడమన్నారు. ఆధారపడేలా చేసింది వలస చట్టం. నింద పడింది తల్లి మీద, మన పెంపకం మీద.

మన ఇళ్ళలో అమ్మాయిల నోరు నొక్కరని నేను అనను. "సర్దుకుపో తల్లీ" అన్న మాట ఆ తల్లి కూడా అన్నది. నేనూ విన్నాను, మీలో చాలామంది విని ఉంటారు. కానీ పిల్ల ఏడుస్తుంటే అక్కడ తెల్లవారుజామున లేచి ఫోను పట్టుకుని కూర్చున్నది కూడా ఆ తల్లే. పద్దెనిమిదేళ్ళకు ఇల్లు వదిలి వెళ్ళడమే ఎదుగుదల అనుకునే చోట పెరిగినవారికి రెండోది కనబడటం లేదు. ఇది చెప్పేటప్పుడు నా గొంతులో ఇంటి మీద బెంగ కూడా కలుస్తుందని తెలుసు. అయినా మాట మాత్రం నిజం.

స్త్రీ పాత్రల విశ్లేషణ అని ఇంకో పద్ధతి ఉంది. ఆడపిల్ల ఇలా ఉండాలి అని చిన్నప్పటి నుంచి విన్న మాటలన్నీ రాయించి, ఒక్కొక్కటీ ఎవరు చెప్పారు, దానివల్ల ఏం దక్కింది, ఏం పోయింది అని అడుగుతాం. ఏది ఉంచుకోవాలో ఏది వదిలేయాలో ఆమే తేల్చుకుంటుంది, మేం కాదు. ఈ అమ్మాయి "ఆడది డబ్బు లెక్కలు అడగకూడదు" అన్నదాన్ని కొట్టేసింది. "పెద్దవాళ్ళకు చెప్పి చేయాలి" అన్నదాన్ని ఉంచుకుంది. ఉంచుకునే హక్కు కూడా హక్కే కదా? మనిషి బంధాల నుంచి విడిపోయి కాదు, బంధాల్లోనే ఎదుగుతుందని సైకియాట్రిస్టు జీన్ బేకర్ మిల్లర్ 1976లోనే రాసింది. ఈ చికిత్స తెల్లజాతి మధ్యతరగతి స్త్రీ అనుభవాన్నే అందరి అనుభవంగా చూస్తోందని లిలియన్ కోమస్ డియాజ్, బెవర్లీ గ్రీన్ లాంటి సైకాలజిస్టులు ఎన్నోసార్లు చెప్పారు. నేను కొత్తగా కనిపెట్టి వాదించింది ఏమీ లేదు.

ఇంత కోపంగా రాస్తున్నా, ఆవిడ దగ్గర నేర్చుకున్నది చాలా ఉంది. క్లయింటు మొదటిరోజు వచ్చినప్పుడే మేం ఏ పద్ధతిలో పనిచేస్తామో, ఎందుకు చేస్తామో, నచ్చకపోతే ఎలా మానుకోవచ్చో చెప్పాలి. ఫైలులో రాసింది చదువుకునే హక్కు వారికి ఉందని చెప్పి, అడగకముందే చూపించాలి. గదిలో రెండు కుర్చీలూ ఒకే ఎత్తులో ఉండాలని కూడా ఆవిడ పట్టుబడతారు. డాక్టరుగారు రాసిన చీటీలో ఏముందని అడగడానికి జంకే చోటు నుంచి వచ్చినదాన్ని, ఇది చూసి మొదట్లో నిర్ఘాంతపోయాను. క్లయింటు "మీరూ డిపెండెంట్ వీసా మీదే వచ్చారా?" అని అడిగితే, చాలా పద్ధతుల్లో "అది ఎందుకు తెలుసుకోవాలనిపించింది?" అని ప్రశ్నను తిప్పి పంపుతారు. మా దగ్గర అలా కాదు. ఆమెకు మేలు చేస్తుందనిపిస్తే సూటిగా చెప్పవచ్చు. నేను అవునన్నాను. ఆ రోజు ఆమె మొదటిసారి కుర్చీలో వెనక్కి జారగిలబడింది.

కాబట్టి ఆవిడ నేర్పిన ధైర్యంతోనే ఆవిడ ముందు కూర్చున్నాను. క్లయింటు అనుమతి తీసుకుని, పేర్లు కప్పేసి, ఆ కాగితం బల్ల మీద పెట్టాను. ఆవిడ చాలాసేపు చూశారు. హెచ్ 4 నిబంధనలు ఒక్కొక్కటిగా అడిగి తెలుసుకున్నారు. తరువాత "మీ లైసెన్సు నా సంతకం మీద ఉందని తెలిసీ ఇది నా ముందు పెట్టారు. ఆ రోజు నేను ఈ కుర్చీలో ఉన్న అధికారంతో మాట్లాడాను. ఫైలులో ఆ మాట వద్దు. ఏం రాయాలో ఆమెనే అడుగుదాం" అన్నారు. మా ఊళ్ళో ఏ పై అధికారి నోటా ఇలాంటి మాట నేను వినలేదు. కళ్ళు చెమ్మగిల్లాయి, దాచుకోలేదు.

ఇన్సూరెన్సు వాళ్ళకు ఏదో ఒక నిర్ధారణ కోడ్ పంపక తప్పదు. ఏ కోడ్ పంపితే ఏమవుతుందో ఆమెకు వివరించి, ఆమె ఒప్పుకున్నాక, కొత్త పరిస్థితుల ఒత్తిడికి సంబంధించినది పంపాం. దాని కింద ఆమె సొంత మాటలు: "పని చేయడానికి అనుమతి లేదు. నా డబ్బు లేదు. అందుకే నిద్ర పట్టడం లేదు."

మాకు ఇంకా తేడాలున్నాయి. ఎమ్మెస్ సంగతి తేల్చుకునే రోజున తల్లిని వీడియోలో కూర్చోబెట్టాలని క్లయింటు అడిగింది. తల్లి ఉంటే పిల్ల మనసులో మాట బయటికి రాదని సూపర్‌వైజర్, వస్తుందని నేను. ముందు సగం సమయం ఆమె ఒక్కతే, తరువాత తల్లి, ఎప్పుడు ఆపాలో ఆమె ఇష్టం అన్న ఒప్పందానికి వచ్చాం.

బాధ పంచుకోవడంతో ఆగకుండా, బాధపెట్టే నియమాన్ని కదిలించడం కూడా ఈ చికిత్సలో భాగమే. ఇప్పుడు హెచ్ 4 మీద ఉన్న తెలుగు స్త్రీల బృందం ఒకటి మా కేంద్రంలో కలుస్తోంది. హింసకు గురైన హెచ్ 4 భార్యలకు పని అనుమతి ఇవ్వవచ్చని 2005 నాటి చట్టంలోనే రాశారు. దరఖాస్తు ఫారం వచ్చింది మాత్రం 2017లో. ఈ సంగతి బృందంలో ఒక్కరికీ తెలియదు. పాస్‌పోర్టు, వీసా ఆమోద పత్రం, పెళ్ళి ధ్రువపత్రం నకళ్ళు తన దగ్గరే ఎలా ఉంచుకోవాలి, తన పేరున బ్యాంకు ఖాతాకు ఏం కావాలి, ఏ చట్టం ఎవరికి వర్తిస్తుంది అన్నవి విమానం ఎక్కకముందే అమ్మాయిల చేతికి అందాలని తెలుగులో ఒక చిన్న పుస్తకం తయారుచేస్తున్నారు. రాసేది వాళ్ళే. చట్టం సంగతులు ఒక వలస న్యాయవాదికి చూపిస్తున్నాం. తల్లిదండ్రులు కూడా చదివేలా అక్షరాలు పెద్దవిగా అచ్చువేయాలన్నది ఆ అమ్మాయి పెట్టిన షరతు.