మెకిన్నీలో మన రేగడి నేల

మొన్న శనివారం పొద్దున్న గార్డెన్ లో వచ్చినవాళ్ళని పలకరించి తిప్పి చూపించే డ్యూటీ నాది. టెక్సాస్ లో డల్లాస్ దగ్గర మెకిన్నీలో మయర్స్ పార్క్ ఉంది కదా, అందులో కాలిన్ కౌంటీ మాస్టర్ గార్డెనర్లు, అంటే మొక్కల మీద ట్రైనింగ్ తీసుకున్న వాలంటీర్లు, చూసుకునే డిస్ప్లే గార్డెన్లు, జనం చూసి నేర్చుకోడానికి పెంచే తోటలు. ఫ్రిస్కోలో, ప్లేనోలో ఇంతమంది తెలుగువాళ్ళం ఉన్నాం, చాలామందికి ఇలాంటిదొకటి ఉందనే తెలీదు, అందుకే ఈ పోస్ట్.

ఒక పెద్దాయన వచ్చారు, డెబ్భై దాటి ఉంటాయి, కొడుకు దగ్గరికి ఆర్నెల్లు ఉండిపోదామని వచ్చారట, ఊరు ఒంగోలు దగ్గర. కొడుకూ కోడలూ గులాబీల దగ్గర పాపకి ఫొటోలు తీస్తుంటే ఈయన పూల వైపు కూడా చూడలేదు, నేరుగా ఇంకా ఏమీ నాటని ఒక మడి దగ్గరికెళ్ళి వంగి గుప్పెడు మట్టి తీసి పిసికి చూసి, "ఇది మన రేగడే కదమ్మా" అన్నారు.

అవును బాబాయి గారూ, రేగడే అన్నాను. మాకు ట్రైనింగ్ లో ఒక క్లాసంతా ఈ మట్టి మీదే చెప్పారు, ఆయనకి వేళ్ళకి తగలగానే తెలిసిపోయింది. డల్లాస్ చుట్టుపక్కల ఈ నేలని బ్లాక్ ల్యాండ్ ప్రెయిరీ అంటారు. మట్టి సైన్స్ లో దీన్ని వర్టిసాల్ అంటారు, మన నల్లరేగడి కూడా అదే జాతి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. ఎండాకాలం ఇంటి ఫౌండేషన్ చుట్టూ నీళ్ళు పెట్టమని ఇక్కడ అందరూ చెప్తుంటారే, అది దీని వల్లే, మట్టి కుంచించుకుపోతే గోడలు పగుళ్ళిస్తాయి. ఆయన విని, "మరైతే పత్తి పండాలే" అన్నారు. నిజంగానే ఒకప్పుడు ఈ ప్రాంతమంతా పత్తి పొలాలే, ఇప్పుడు మన ఇళ్ళున్న చోట. ఆ మాట చెప్తే ఆయన మొహం వెలిగిపోయింది, ఇక గంటసేపు నన్ను వదల్లేదు, నేనూ వదల్లేదు.

అసలు మేమెవరం అంటే, గార్డెనింగ్ ఉద్యోగం కాదు మాకెవరికీ, అందరం వాలంటీర్లమే. మాస్టర్ గార్డెనర్ అనేది 1970ల మొదట్లో వాషింగ్టన్ స్టేట్ లో మొదలైంది, జనం మొక్కల గురించి అడిగే ప్రశ్నలకి యూనివర్సిటీ ఎక్స్టెన్షన్ వాళ్ళు, అంటే వ్యవసాయం గురించి జనానికి సలహాలిచ్చే విభాగం వాళ్ళు, ఒక్కళ్ళే జవాబు చెప్పలేక, మామూలు మనుషులకి నేర్పించి వాళ్ళతో చెప్పిద్దామని. టెక్సాస్ లో ఇది టెక్సాస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీ వాళ్ళ ఎక్స్టెన్షన్ విభాగం ఆగ్రిలైఫ్ కింద నడుస్తుంది, కనీసం 50 గంటలు క్లాసులు, తర్వాత ఏడాదిలో 50 గంటలు సేవ. నేను చేరడానికి కారణం నా గులాబీలు. కొత్త ఇంట్లో నాలుగు పెట్టాను, గొయ్యి తవ్వి షాపులో కొన్న మెత్తటి మట్టి నింపి పెట్టాను, వానొచ్చినప్పుడల్లా ఆ గొయ్యి కుండలా నీళ్ళు పట్టేసి నాలుగూ వేరు కుళ్ళి పోయాయి. చాలా ఏడ్చాను అప్పుడు. గొయ్యి ఒక్కదాన్నే బాగుచెయ్యకూడదు, మడి మొత్తాన్ని చెయ్యాలని తర్వాత తెలిసింది: 3 అంగుళాల ఎక్స్పాండెడ్ షేల్, అంటే కాల్చి ఉబ్బించిన రాతి ముక్కలు, 3 అంగుళాల కంపోస్టు పరిచి కలిపి తవ్వాలి. షేల్ కరిగిపోదు, మట్టిని మళ్ళీ గట్టిగా అతుక్కోనివ్వదు.

డిస్ప్లే గార్డెన్ విలువ అక్కడే ఉంది అని నా నమ్మకం. నర్సరీలో మొక్క కుండీలో మెత్తటి మట్టిలో కులాసాగా ఉంటుంది. ఇక్కడ అది మీ పెరట్లో ఉన్న మట్టిలోనే, అదే ఎండకి నిలబడి ఉంటుంది. ఎర్త్ కైండ్ అని ఆగ్రిలైఫ్ వాళ్ళ పద్ధతి ఒకటుంది, గులాబీలకి మందు కొట్టరు, ఎరువు వెయ్యరు, నీళ్ళు కూడా పొదుపుగానే, పైన మందంగా మల్చ్, అంటే మట్టిని కప్పే చెక్క ముక్కలూ ఆకులూ లాంటివి, మాత్రం వేస్తారు, ఏళ్ళ తరబడి చూసి అలా తట్టుకున్నవాటికే ఆ పేరు ఇస్తారు. ఆ లిస్టులో బెలిండాస్ డ్రీమ్ అనే గులాబీ రంగు పువ్వు నాకు ప్రాణం, దాన్ని పుట్టించింది రాబర్ట్ బేసీ అని టెక్సాస్ ఏ అండ్ ఎమ్ లో మ్యాథ్స్ ప్రొఫెసర్! లెక్కలు చెప్పుకుంటూ గులాబీలని సంకరం చేశాడాయన.

మనవాళ్ళు ఎవరొచ్చినా అడిగేది మాత్రం కరివేపాకు గురించి. ఈ చలికి నేలలో బతకదండీ, 2021 ఫిబ్రవరిలో డల్లాస్ లో మైనస్ 2 ఫారెన్ హీట్ కి పడిపోయింది గుర్తుందిగా, అంటే సుమారు మైనస్ 19 సెల్సియస్. కుండీలో పెట్టి చలికాలం లోపలికి తెచ్చుకోవాలి. ఇంకో మాట కూడా తప్పకుండా చెప్తాను, దీని మీద నాకు చాలా పట్టుదల: దయచేసి కరివేపాకు మొక్కని కార్లో పెట్టుకుని వేరే స్టేట్ లో ఉన్న అక్కకో చెల్లికో తీసుకెళ్ళకండి. నిమ్మ, నారింజ చెట్లని చంపే సిట్రస్ గ్రీనింగ్ తెగులుని మోసుకెళ్ళే చిన్న పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. ఆ తెగులు 2012లో టెక్సాస్ దక్షిణాన, రియో గ్రాండ్ వ్యాలీలో బయటపడింది. ఒకసారి చెట్టుకి పట్టిందంటే మందు లేదు. అందుకే ఈ పురుగు విషయంలో టెక్సాస్ మొత్తం క్వారంటైన్ లో ఉంది, అంటే ఇలాంటి మొక్కల్ని బయటికి తీసుకెళ్ళడం మీద ఆంక్షలున్నాయి. మొన్న ఒకమ్మాయి ఇది విని, "అయ్యో, వచ్చే వారం మా వదినకి తీసుకెళ్దామని పక్కన పెట్టాను" అంది. ఆగింది. ఆ రోజుకి నాకు అది చాలు.

మళ్ళీ పెద్దాయన దగ్గరికి. వెళ్తూ వెళ్తూ దారి అంచున మేము పీకి కుప్ప పోసిన గడ్డి చూసి ఆగిపోయారు. "ఇది గరిక కదమ్మా, పారేస్తున్నారేం?" ఇక్కడివాళ్ళు బెర్ముడా అనేది అదే, లాన్ లో అదే కావాలి, మడిలోకి వస్తే దానంత మొండి కలుపు లేదు, చిన్న కణుపు మిగిలినా మళ్ళీ లేస్తుంది. ఆయన మూడు పోచలు తీసి దులిపి చొక్కా జేబులో పెట్టుకున్నారు, ఇంట్లో వినాయకుడికట. పక్కనే కలుపు తీస్తున్న మా టీమ్ ఆవిడ, టెక్సాస్ లోనే పుట్టి పెరిగింది, ఏంటి అనడిగింది. చెప్పాను. ఆవిడ గ్లవ్స్ తీసేసి కుప్పలోంచి లేత పోచలు ఏరి, కట్టలా చేసి ఆయన చేతికిచ్చింది.

వసంతంలో వస్తే బాగుంటుంది, పిల్లల్నీ అమ్మానాన్నల్నీ తీసుకురండి. వాన పడిన మర్నాడు మాత్రం వద్దు, చెప్పులకి ఒక్కో కిలో రేగడి అంటుకుంటుంది, మేమూ ఆ రోజు పార పట్టం. "పదును చూసుకునే దిగండమ్మా మడిలోకి" అని ఆయన కారెక్కేటప్పుడు అద్దం దించి మరీ చెప్పి వెళ్ళారు.