చీకటి తెర మీద నల్లటి అక్షరాలు

ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్‌లో డార్క్ మోడ్ పెట్టుకున్న మొదటి రోజునే, ఒక మిత్రుడు పంపిన దరఖాస్తు తెరిచి చూస్తే సగం పేరాలు మాయమైనట్టు అనిపించింది. అవి ఎక్కడికీ పోలేదు. అక్షరాల రంగు ‘ఆటోమేటిక్’గా ఉన్న చోట, నేపథ్యం నల్లబడగానే రైటర్ (లిబ్రేఆఫీస్‌లో పత్రాలు రాసుకునే ప్రోగ్రాం) వాటిని తెల్లగా చూపింది, పనిగట్టుకుని నలుపును ఎంచుకున్న పేరాలు మాత్రం నలుపు మీద నలుపుగానే మిగిలిపోయాయి. సెట్టింగుల్లోని యాక్సెసిబిలిటీ పేజీలో, తెర మీద చూపేటప్పుడు ఆటోమేటిక్ రంగునే వాడమని చెప్పే గడి ఒకటి ఉంది. దానికి టిక్ పెట్టగానే, ఫైలులో ఉన్న అసలు రంగు చెక్కుచెదరకుండానే అక్షరాలు తేలాయి.

మామూలు సైజు అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య కాంట్రాస్టు, అంటే వెలుగులో తేడా, కనీసం 4.5:1 ఉండాలని వెబ్ అందరికీ అందుబాటులో ఉండేందుకు రూపొందించిన డబ్ల్యుసిఎజి మార్గదర్శకాలు చెబుతాయి. నలుపు తెలుపుల మధ్య అది 21:1. ఆ కనీసం తెలుగుకు చాలుతుందా అని నాకు అనుమానమే, ఎందుకంటే బూడిదరంగు థీముల్లో ‘ప’ను ‘ఫ’గా మార్చే చిన్న గీత, ‘లక్ష్మి’లోని ఒత్తులు అన్నింటికంటే ముందు కంటికి ఆనకుండా పోతాయి. రైటర్‌లో అక్షరదోషాన్ని చూపే గీతను ఎర్రగా వదిలేయక అలలుగా కూడా గీయడం మాత్రం నాకు నచ్చింది: ఎరుపును గుర్తించలేని కన్ను ఆ వంకరను పట్టుకోగలదు.