తోడు వెళ్ళిన ఓడ

శ్రీలంక తూర్పు తీరానికి మనవాళ్ళు వెళ్ళేది కోణేశ్వరస్వామి కోసం, ఇంకాస్త ఓపికుంటే నీలావెలి బీచ్ కోసం. నన్ను అటు లాక్కెళ్ళింది మాత్రం 1942 ఏప్రిల్ 9న బట్టికలోవా ఎదురుగా మునిగిపోయిన ఒక పాత డిస్ట్రాయర్, అంటే పెద్ద ఓడలకి కాపలాగా వెళ్ళే చిన్న యుద్ధనౌక. పేరు వాంపైర్. ఆస్ట్రేలియా నౌకాదళానిది.

దాంతో నాకేం పనంటే, మాది కాకినాడ. అదే ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఇళ్ళకి తాళాలేసుకుని, పిల్లల్నీ బియ్యం మూటల్నీ ఎడ్లబళ్ళ మీద వేసుకుని జనం పల్లెలకి పోయిన కథ మా పెద్దవాళ్ళు చెబుతుంటే వింటూ పెరిగాను. ఆ కథ ఎప్పుడూ ఊరి పొలిమేరలోనే ఆగిపోయేది. ఆ విమానాలు ఎక్కణ్ణుంచి వచ్చాయో, వాటి వెనక ఎవరున్నారో ఎవరూ చెప్పేవారు కాదు. అవి ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి లేచినవి. అది బంగాళాఖాతంలో సరుకు ఓడల్ని వేటాడుతుంటే, దానికి దక్షిణాన జపాన్ అడ్మిరల్ నగుమో ఐదు పెద్ద విమానవాహక నౌకలతో సిలోన్ (ఇప్పటి శ్రీలంక) చుట్టూ తిరుగుతున్నాడు. ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం నాడు కొలంబో. 9న ట్రింకోమలీ. మన తీరానికి తగిలింది ఆ పెద్ద దాడి తాలూకు కొస మాత్రమే. అసలుది ఎలా ఉంటుందో చూడాలంటే కిందకి, లంక దాకా వెళ్ళాల్సిందే.

కొలంబో ఫోర్ట్ స్టేషన్లో రాత్రి రైలెక్కి తెల్లవారాక ట్రింకోమలీలో దిగాను. గుడికి దారి పాత కోటలోంచే. కోటలో చుక్కల జింకలు మన బజార్లో ఆవుల్లాగా మనుషుల్ని పట్టించుకోకుండా తిరుగుతుంటాయి. దర్శనం అయ్యాక ఆటో మాట్లాడుకుని చైనా బే వైపు వెళ్ళాను. బ్రిటిష్ వాళ్ళు నౌకాదళం కోసం కట్టిన చమురు ట్యాంకులు, అడవిలో వరసలు వరసలుగా, ఒక్కొక్కటీ పన్నెండు వేల టన్నులు పట్టేది, చాలావరకు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. కొన్నిటిని మన ఇండియన్ ఆయిల్ తాలూకు కంపెనీ వాడుకుంటోంది. లోపలికి ఊరికే పోనివ్వరు, రోడ్డు మీంచి చూడాల్సిందే. 9వ తేదీ పొద్దున్న ఒక జపాన్ విమానం వీటిలో ఒక ట్యాంకు మీద కూలింది. ఆ మంట రోజుల తరబడి ఆరలేదట. నీలావెలి రోడ్డులో యుద్ధ సమాధుల తోట కూడా చూశాను. గడ్డి కత్తిరించి, రాళ్ళు కడిగి, శుభ్రంగా ఉంది. అక్కడ రాళ్ళ మీద ఆ తేదీ మళ్ళీ మళ్ళీ కనబడుతుంది.

మర్నాడు బట్టికలోవా బస్సు. కిన్నియా వంతెన దాటి, మూతూరు, వాకరై మీదుగా నూటముప్పై కిలోమీటర్ల దాకా దారి. ఎడమ పక్క చాలాచోట్ల సముద్రం తగులుతూనే ఉంటుంది. ఆ ఏప్రిల్ 8 రాత్రి రెండు ఓడలు కూడా ఇలాగే తీరాన్ని ఒరుసుకుంటూ దక్షిణానికి వెళ్ళాయి. ముందు హెర్మిస్ అనే విమానవాహక నౌక. దానికి కాపలాగా వాంపైర్.

బస్సు నిదానంగా పోతోంది కాబట్టి వాంపైర్ పూర్వాపరాలు ఇక్కడే చెప్పేస్తాను. మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా, 1917లో ఇంగ్లండులోని వైట్ దీవిలో నీళ్ళలోకి దిగిన ఓడ అది. 1933లో ఆస్ట్రేలియాకి ఇచ్చారు. రెండో యుద్ధం రాగానే అలాంటి ముసలి డిస్ట్రాయర్లు ఐదింటిని, స్టూవర్ట్, వెండెట్టా, వాయేజర్, వాటర్‌హెన్, వాంపైర్‌లని, ఆస్ట్రేలియా మధ్యధరా సముద్రానికి పంపింది. జర్మన్ రేడియో వాటిని పాత ఇనుప సామాను అని వెక్కిరించింది. నావికులు ఆ తిట్టునే బిరుదుగా తగిలించుకుని తమని ‘స్క్రాప్ ఐరన్ ఫ్లొటిల్లా’, అంటే తుక్కు ఇనుము ఓడల దండు, అని పిలుచుకున్నారు. ఆ సామానే ఇటలీ నౌకాదళంతో తలపడింది, గ్రీసు నుంచి సైన్యాన్ని తరలించింది. 1940 జులైలో బాంబు పెంకులు తగిలి వాంపైర్ మీద ఒక గన్నర్ పోయాడు. ఆ యుద్ధంలో శత్రువు చేతిలో చనిపోయిన తొలి ఆస్ట్రేలియా నౌకాదళ మనిషి అతనే.

1941లో మరమ్మతుకని సింగపూర్ చేరింది. అక్కణ్ణుంచి దాని జాతకం ఒక విచిత్రమైన దారి పట్టింది. డిసెంబరులో ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ అనే రెండు మహా బ్రిటిష్ యుద్ధనౌకలు మలయా (ఇప్పటి మలేసియా) తీరానికి బయల్దేరితే, తోడుగా నాలుగు డిస్ట్రాయర్లు వెళ్ళాయి: ఎలెక్ట్రా, ఎక్స్‌ప్రెస్, టెనెడోస్, వాంపైర్. పైన కాపలాకి విమానాలు లేవు. డిసెంబరు 10న జపాన్ విమానాలు ఆ రెండు పెద్ద ఓడల్నీ ముంచేశాయి. రిపల్స్ మనుషులు రెండొందల మందికి పైగా వాంపైర్ ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ నలుగురు తోడుగాళ్ళలో ఎలెక్ట్రా ఫిబ్రవరిలో జావా సముద్రంలో పోయింది. టెనెడోస్‌ని ఈస్టర్ ఆదివారం కొలంబో రేవులోనే ముంచారు. నాలుగు నెలలు తిరక్కుండా మిగిలినవి రెండు. జనవరి చివర్లో వాంపైర్‌ని, థానెట్ అనే ఇంకో పాత డిస్ట్రాయర్‌ని రాత్రిపూట మలయా తీరంలోని ఎండావు దగ్గర దిగుతున్న జపాన్ ఓడల మీదికి పంపారు. థానెట్ మునిగింది. వాంపైర్ దెబ్బ తగలకుండా బయటపడింది.

ఇక ఆ ఏప్రిల్ పొద్దు. ట్రింకోమలీ మీద దాడి ఖాయమని తెలిసి, రేవులో ఉంటే ప్రమాదమని ఓడల్ని బయటికి పంపేశారు. అక్కడిదాకా సబబే. కానీ హెర్మిస్ తన విమానాల్ని ఒడ్డునే వదిలి వెళ్ళింది. విమానాలు లేని విమానవాహక నౌక, ఆకాశంలోకి గురిపెట్టే వీల్లేని పాత ఫిరంగుల డిస్ట్రాయర్. నాలుగు నెలల కిందట మలయా దగ్గర జరిగిందంతా కళ్ళారా చూసిన ఓడనే మళ్ళీ అదే స్థితిలోకి పంపారు. అంత తొందర్లో వేరే దారి ఏముందని చరిత్రకారులు అనొచ్చు. నాకు మాత్రం ఆ ఓడ మీద ఉన్నవాళ్ళకి తెల్లారేటప్పుడు ఏమనిపించి ఉంటుందన్న ఆలోచన వదల్లేదు.

పొద్దున్న ట్రింకోమలీ మీద దాడి ముగిశాక, అక్కడి యుద్ధవిమానాల నీడలోకి రమ్మని రెండిటినీ వెనక్కి తిప్పారు. అప్పటికే తొమ్మిదింటి లోపు హరూనా అనే యుద్ధనౌక తాలూకు నిఘా విమానం వాటిని చూసేసింది. పదిన్నర దాటగానే ఎనభైకి పైగా డైవ్ బాంబర్లు, నిటారుగా కిందకి దూకి బాంబులేసే విమానాలు, వచ్చి పడ్డాయి. ఇరవై నిమిషాల్లో హెర్మిస్ లేదు. తర్వాత వాంపైర్ వంతు. వరసగా బాంబులు తగిలాయి. కెప్టెన్ విలియం మోరన్ ఓడ వదిలెయ్యమని ఆజ్ఞ ఇచ్చాడు. ఓడ రెండు ముక్కలై పదకొండు దాటాక మునిగింది. కాపాడ్డానికి పిలిచిన యుద్ధవిమానాలు కబురు ఆలస్యమై, అంతా అయిపోయాక వచ్చాయి.

హెర్మిస్ మీద పోయినవాళ్ళు 307 మంది. వాంపైర్ మీద పదిమంది లోపే, మోరన్‌తో కలిపి. మిగతావాళ్ళు బతకడానికి పెద్ద కారణం వీటా అనే ఆసుపత్రి ఓడ అదే దారిన దగ్గర్లో ఉండటం. దాని జోలికి జపాన్ విమానాలు పోలేదు. రెండు ఓడల వాళ్ళనీ కలిపి దాదాపు ఆరొందల మందిని అది నీళ్ళలోంచి ఎత్తుకుంది. కొందరు ఈదుకుంటూ ఒడ్డుకి కూడా చేరారు.

ఆ ఒడ్డు ఎలా ఉంటుందో చూద్దామని బట్టికలోవాలో దిగగానే పాలమీన్‌మడు లైట్‌హౌస్ దగ్గరికి వెళ్ళాను. కాయల్, అంటే తీరం వెంటి ఉప్పునీటి సరస్సు, వచ్చి సముద్రంలో కలిసే చోటది. 2004 సునామీ ఈ చుట్టుపక్కల ఊళ్ళని ఊడ్చేసింది. ఇప్పుడు మళ్ళీ ఇళ్ళు లేచాయి, పడవలకి రంగులేశారు. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన పక్కన కూర్చుని, నాకొచ్చిన అరకొర అరవంలో అడిగాను.

“అయ్యా, హెర్మిస్ ఎక్కడుందో తెలుసా?”

“తెలియకేం తంబీ! ఆ కప్పల్ మీద చేప బాగా పడుతుంది. తెల్లవాళ్ళు సిలిండర్లు కట్టుకుని దిగుతారు కూడా.”

“దాంతోపాటు ఇంకో ఓడ మునిగింది కదా, వాంపైర్ అని?”

ఆయన వల వదిలేసి నా వంక చూశాడు. “ఇంకోటా? రెండు ఓడలా?” అని, పక్క పడవ కుర్రాణ్ణి కేకేసి అడిగాడు. వాడికీ తెలియదు. ఊళ్ళో డైవింగ్ నేర్పే చోట అడిగినా అదే జవాబు. హెర్మిస్ తీరానికి తొమ్మిది మైళ్ళ అవతల, యాభై మీటర్ల పైచిలుకు లోతులో ఉంది. బాగా అనుభవం ఉన్నవాళ్ళని తీసుకెళతామన్నారు. వాంపైర్ దగ్గరికి తీసుకెళ్ళే పడవ లేదు. కాపలాకి వెళ్ళినవాళ్ళకి ఎక్కడైనా అంతే కాబోలు. పెళ్ళికొడుకు పేరు అందరికీ గుర్తుంటుంది కానీ తోడుపెళ్ళికొడుకు ఎవరో ఎవరడుగుతారు?

సాయంత్రం కల్లడి వంతెన మీద జనం చాలామంది ఉన్నారు. పున్నమి రోజుల్లో కాయల్లో చేపలు పాడతాయని ఇక్కడి నమ్మకం. నేను వెళ్ళింది పున్నమికి కాదు కాబట్టి వాహనాల హారన్లు తప్ప ఏమీ వినబడలేదు. కుండలో తోడేసిన గేదె పెరుగు, పైన తాటి పాకం పోసి ఇస్తారు. బట్టికలోవా పెరుగుకి ఉన్న పేరు ఊరికే వచ్చింది కాదు.

హెర్మిస్ పేరుతో బ్రిటన్ తర్వాత ఇంకో విమానవాహక నౌక కట్టింది. అదే మన నౌకాదళంలో విరాట్ అయింది, చివరికి గుజరాత్‌లోని ఆలంగ్‌లో తుక్కుకి పోయింది. ఈ దాడికొచ్చిన ఐదు జపాన్ నౌకల్లో అకాగి, సోర్యు, హిర్యు రెండు నెలలు తిరక్కుండా పసిఫిక్ సముద్రంలో మిడ్వే దీవి దగ్గర మునిగాయి. వాంపైర్ పేరు పెట్టుకున్న ఇంకో డిస్ట్రాయర్ మాత్రం ఇప్పటికీ సిడ్నీ డార్లింగ్ హార్బర్‌లో మ్యూజియంగా తేలుతోంది. అక్కడి మనవాళ్ళు వారాంతాల్లో పిల్లల్ని ఎక్కించి ఫిరంగుల పక్కన ఫొటోలు తీయిస్తుంటారు.

ఇటువైపు ఎవరైనా వెళ్ళదల్చుకుంటే ఏప్రిల్ నుంచి సెప్టెంబరు లోపు వెళ్ళండి, ఆ నెలల్లో ఈ పక్క సముద్రం నెమ్మదిగా ఉంటుంది. ట్రింకోమలీ నుంచి బస్సులో ఎడమ కిటికీ పక్కన కూర్చోండి.